నాట్ల కాలంలో చంటిబిడ్డ ఎవరి చేతిలో?

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. తీరిక ఉన్నప్పుడే చదవండి. చదివినాక మాత్రం బొటనవేలు గుర్తు పెట్టేసి ఊరుకోకండి, మీ మాట కూడా చెప్పండి.

మన సంఘం భవనంలో కింది హాలు ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసే ఉంటుంది. నాట్లకు, పత్తి తీతకు, మిరపకాయ కోతకు పోయే తల్లుల పిల్లల కోసం అందులో ఒక సెంటరు పెట్టాలన్న మాట వచ్చింది. చాలా మంచి మాట. దాని వెనకే ఇంకో మాట కూడా వచ్చింది. "ఎవరైనా ఒక కుటుంబానికి అప్పగిద్దాం. ఆలుమగలు, ఇంట్లో ఒక అత్తగారు ఉంటే చాలు, చవగ్గా నడిచిపోతుంది" అని. సిటీల్లో డే కేర్లు అట్లాగే నడుస్తున్నాయి కదా అని దానికి ఉదాహరణ కూడా ఇచ్చారు.

నాకు ఆ 'చవగ్గా' అన్న మాట దగ్గర బండి ఆగిపోయింది. కుటుంబాలు నడిపిన పిల్లల సెంటర్ల చరిత్ర కొంచెం తిరగేస్తే, ఆ చవక ఎక్కడి నుంచి వస్తుందో తెలుస్తుంది. అది తెలిసినాక హాలు ఎవరికి ఇయ్యాలో మీరే తేల్చండి.

ముందు మన నేల సంగతి. తుంగభద్ర డ్యాము పని 1945లో మొదలై, 1953లో కాలువలకు నీళ్ళు వదిలారు. అదే ఏడాది అక్టోబరు 1న మన బళ్ళారి, సిరుగుప్ప తాలూకాలు మైసూరు రాష్ట్రంలోకి వచ్చాయి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి పోయాయి. నీళ్ళు రావడంతో కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు, క్యాంపులు వెలిశాయి. మన సభ్యుల్లో సగం మంది ఇళ్ళ చరిత్ర అదే, మిగతా సగం అంతకుముందు నుంచీ ఇక్కడే ఉన్నవాళ్ళది. ఈ కథ మనం వార్షికోత్సవాల్లో చాలాసార్లు చెప్పుకున్నాం. బీడు భూమిని మాగాణి చేసిన రైతు గురించి చెప్పుకున్నాం, ట్రాక్టర్ల గురించి, రైసు మిల్లుల గురించి చెప్పుకున్నాం. మాగాణి అంటే నాటు, నాటు అంటే ఆడవాళ్ళ చెయ్యి. ఆ చెయ్యి బురదలో ఉన్నంతసేపు ఆమె బిడ్డ ఎక్కడ ఉన్నాడో మాత్రం ఎప్పుడూ చెప్పుకోలేదు.

ఎక్కడ ఉంటాడు? గట్టు మీద చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో. చెట్టు లేకపోతే మూడు కర్రలు కట్టి నిలబెట్టి దానికి. ఉయ్యాల దాటిన వయసైతే ఇంట్లో అవ్వ దగ్గర. అవ్వ కూడా కూలికి పోయేదైతే ఏడెనిమిదేళ్ళ అక్క చంకలో. ఆ అక్క బడి మానేసింది ఎందుకంటే తమ్ముడి కోసం. మన ప్రాంతంలో ఆడపిల్లల చదువు ఎందుకు వెనకబడిందో పెద్ద పెద్ద నివేదికలు రాస్తారు. వాటిలో ఈ చంకలోని తమ్ముడి పేరు ఒక పేజీలో కూడా సరిగ్గా రాదు. నన్నడిగితే మొదటి పేజీలో రాయాలి.

ఇంక వలస పోయే వాళ్ళ సంగతి వేరే. హద్దుకు ఆ పక్కన ఆదోని, కోసిగి వైపు నుంచి ఏటా వేల కుటుంబాలు గుంటూరు జిల్లాకు మిరప, పత్తి పనులకు పోతాయి. చంటిపిల్లలూ వాళ్ళతోనే పోతారు. అక్కడ అవ్వ ఉండదు, తెలిసిన చెట్టు కూడా ఉండదు.

కూలి చేసే తల్లి బిడ్డను ఎవరు చూడాలన్న ప్రశ్న మనం కొత్తగా వేసుకున్నదేమీ కాదు. పారిస్‌లో ఫిర్మాఁ మార్బో అనే న్యాయవాది 1844లో పేద తల్లుల పిల్లల కోసం ఒక ఇల్లు తెరిచి దానికి 'క్రెష్' అని పేరు పెట్టాడు. ఫ్రెంచిలో పశువుల గాటి అని అర్థం, ఏసుక్రీస్తును పడుకోబెట్టింది అందులోనే అని వాళ్ళ నమ్మకం. మన దేశంలో ఈ ప్రశ్న గట్టిగా లేచింది బొంబాయి బట్టల మిల్లుల్లో. మిల్లుకు పోయే తల్లులు బిడ్డ ఏడవకుండా పడుకోవాలని నల్లమందు కలిపిన చిన్న గోలీ వేసిపోయేవాళ్ళు. 'బాల గోలీ' అని దానికి పేరు కూడా ఉండేది. ఆ తల్లులు కసాయివాళ్ళేం కాదు. పన్నెండు గంటలు బిడ్డను చూసే మనిషికి ఇచ్చుకునే డబ్బు వాళ్ళ దగ్గర లేదు, గోలీ మాత్రం కాసుల్లో దొరికేది. మనిషి ఖర్చు పెట్టలేని చోట మందు వచ్చి కూర్చుంది. 1931లో రిపోర్టు ఇచ్చిన రాయల్ లేబర్ కమిషన్ ఆడవాళ్ళు ఎక్కువగా పనిచేసే ఫ్యాక్టరీల్లో క్రెచ్‌లు పెట్టాలని చెప్పింది. స్వతంత్రం వచ్చినాక 1948 ఫ్యాక్టరీల చట్టంలో 48వ సెక్షన్‌గా అది వచ్చింది. 50 మందికి పైగా ఆడవాళ్ళు ఉంటే ఆరేళ్ళ లోపు పిల్లల కోసం ఒక గది, చూసే మనిషి ఉండాలని అందులో రాశారు. 1976లో ఆ 50ని 30 చేశారు.

ఇప్పుడు బళ్ళారి జీన్స్ యూనిట్లు చూడండి. దేశమంతా మన ఊరి ప్యాంట్లు పోతాయి. కానీ కుట్టేది చిన్న చిన్న షెడ్లలో, ఇళ్ళల్లో, ముక్కకు ఇంత అని. ఆ 30 అనే గీత దాకా వచ్చిన షెడ్డు ఎన్ని? పొలానికైతే ఈ గీత అసలే లేదు. ఎకరం నాటుకు గుత్త తీసుకున్న గుంపుకు యజమాని ఎవరు? ఆ రోజుకు ఆ రైతు, మర్నాడు ఇంకో రైతు. చట్టం రాసినవాళ్ళు ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయారు.

ఇంక కుటుంబాల దగ్గరికి వద్దాం. తెలుగువాళ్ళలో ఈ పని మొదలుపెట్టిన ఇల్లు అంటే నాకు మొదట గుర్తొచ్చేది దుర్గాబాయి గారి ఇల్లు. రాజమండ్రిలో 1909లో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు, ఆ పెళ్ళిలో ఆవిడ నిలబడలేదు. కాకినాడ కాంగ్రెసు మహాసభలో టిక్కెట్టు లేదని నెహ్రూ గారిని గేటు దగ్గర ఆపిన వాలంటీరు పిల్ల ఈవిడే. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయి, ఆ జైల్లో చదువు లేని ఆడవాళ్ళ బతుకులు దగ్గర నుంచి చూసి, బయటికి వచ్చాక చదువు అందుకుని లాయరయ్యారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టినప్పుడు అది ముందు చుట్టుపక్కల పిల్లల గుంపుగా మొదలైంది. 'లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్' అని పేరు. నడిపింది ఎవరు? ఆవిడ, తల్లి కృష్ణవేణమ్మ, తమ్ముడు. అంటే ఒక ఇల్లు. అప్పుడు మన బళ్ళారి జిల్లాకు కూడా మద్రాసే రాజధాని, కాబట్టి ఇది పరాయి ఊరి కథేం కాదు.

ఆ తల్లి ఎంత చాకిరి చేసి ఉంటుందో ఊహించుకోండి. దానికి జీతం పుస్తకంలో లెక్క ఉండదు. సభ నిలదొక్కుకుంది, ఆసుపత్రి వచ్చింది, బళ్ళు వచ్చాయి, తర్వాత హైదరాబాదుకు కూడా విస్తరించింది. అట్లా విస్తరించింది ఎప్పుడంటే అది ఇంటి పనిగా ఉండడం మానేసి, సభ్యులు, కమిటీ, చందాలు, జీతం తీసుకునే సిబ్బంది ఉన్న సంస్థగా మారినాకే. దుర్గాబాయి గారికి ఆ తేడా బాగా తెలుసు. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెట్టినప్పుడు ఆవిడే మొదటి అధ్యక్షురాలు. ఆ బోర్డు పల్లెల్లో బాల్వాడీలకు డబ్బు ఇచ్చింది, ఊళ్ళోని మహిళా మండళ్ళను నిలబెట్టి వాళ్ళ చేత నడిపించాలని చూసింది. ఆగస్టులో బోర్డు వచ్చింది, అక్టోబరులో మనం రాష్ట్రం మారాం. మనవాళ్ళు ఆవిణ్ణి మద్రాసులో ఉండగా ఎరిగారు, ఆవిడ పథకాలు మాత్రం మైసూరు సర్కారు చేతుల మీదుగా అందుకున్నారు.

ఈ బాల్వాడీ అనే మాట కూడా ఊరికే రాలేదు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా దగ్గర పనిచేసిన తారాబాయి మోదక్, ఆవిడ శిష్యురాలు అనుతాయి వాఘ్ కలిసి మహారాష్ట్ర తీరంలో బోర్డి, తర్వాత కోస్‌బాడ్ అనే ఊళ్ళలో గిరిజన పిల్లల కోసం సెంటర్లు నడిపారు. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ళ ముంగిట్లోకి పోయింది. అంగణంలో నడిచే బడి కాబట్టి అంగన్‌వాడి. మనం రోజూ వాడే మాట వెనక ఇద్దరు ఆడవాళ్ళ నడక ఉంది.

ఆ మాటను సర్కారు తీసుకుంది. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ పథకం దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులతో మొదలైంది. కర్ణాటకలో మైసూరు జిల్లా టి. నరసీపుర, ఆంధ్రలో అనంతపురం జిల్లా కంబదూరు. కంబదూరు అంటే మన హద్దు పక్కనే, కళ్యాణదుర్గం వైపు. అప్పటి నుంచి ఇప్పటికి దేశంలో సెంటర్లు 13 లక్షలు దాటాయి. ఇంత పెద్ద పని ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ రెండు సంగతులు చూడాలి.

ఒకటి, అంగన్‌వాడి మూడేళ్ళు దాటిన పిల్లలకు బడి, అందరికీ పోషణ. మూడేళ్ళ లోపు బిడ్డకు ఇంటికి పంపే పిండి, పొడి ఉంటాయి గానీ, పొద్దున్నే బిడ్డను అక్కడ దించి నాటుకు పోయే ఏర్పాటు కాదు. రెండు, దాన్ని నడిపే ఆవిడకు ఇచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. పేరు ఎంత గౌరవంగా ఉందో చూడండి. ఆమె ఉద్యోగి అంటే పెన్షను, సెలవు, గ్రాట్యుటీ అన్నీ ఇయ్యాలి. సేవకురాలు అంటే ఏమీ అక్కర్లేదు. దీని మీద పెద్ద కేసు మన కర్ణాటకదే. కర్ణాటక రాష్ట్రం, అమీర్‌బీ కేసులో 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు అంగన్‌వాడి కార్యకర్తలది ప్రభుత్వ పోస్టు కిందికి రాదని తీర్పు ఇచ్చింది. పదిహేనేళ్ళకు పైగా పోయాక, 2022 ఏప్రిల్‌లో, గుజరాత్ నుంచి వచ్చిన ఇంకో కేసులో అదే కోర్టు వాళ్ళకు గ్రాట్యుటీ ఇయ్యాల్సిందే అని చెప్పింది. పథకం మొదలైన 47వ ఏట అన్నమాట. ముప్పై, నలభై ఏళ్ళు చేసి దిగిపోయిన మొదటి తరం ఆయమ్మలకు ఆ తీర్పు ఏం పనికొచ్చింది?

అంటే సర్కారు కూడా మన 'అత్తగారు ఉంటే చాలు' పద్ధతే పట్టింది. బయటి ఆడమనిషిని ఇంటి ఆడమనిషి లాగా చూసి జీతం తగ్గించుకుంది.

ఇదంతా సేవ కథ, సర్కారు కథ. మరి ఒక కుటుంబం దీన్ని పక్కా వ్యాపారంగా, లాభం కోసమే నడిపితే బాగుంటుందేమో కదా అని అడగొచ్చు. దానికి జవాబు కోసం కొంచెం దూరం, ఆస్ట్రేలియా దాకా పోవాలి. మన పిల్లలు చాలామంది అక్కడ ఉన్నారు కాబట్టి అది మరీ తెలియని చోటేం కాదు. ఆలుమగలు కలిసి పెట్టిన పిల్లల సెంటర్ల గుంపుల్లో అంతగా పెరిగి, అంతగా కూలిపోయినది నాకు తెలిసి ఇంకోటి లేదు.

ఎడ్డీ గ్రోవ్స్ అనే అతను బ్రిస్బేన్‌లో పాలు వేసే వ్యాపారం చేసేవాడు. భార్య లెనీవ్. ఇద్దరూ కలిసి 1988లో బ్రిస్బేన్ శివారు ఆష్‌గ్రోవ్‌లో ఒక పిల్లల సెంటరు తెరిచారు. పేరు ఏబీసీ. చదువు చెప్పే సంగతులు ఆమె, డబ్బు సంగతులు అతను. ఇంతవరకూ మన సిటీ డే కేర్ లాంటిదే. అప్పటికి ఆస్ట్రేలియాలో ఫీజులో సర్కారు ఇచ్చే సాయం లాభం చూసుకోని సంస్థల పిల్లలకే దొరికేది. 1991లో ఆ సాయం ప్రైవేటు సెంటర్ల పిల్లలకు కూడా ఇచ్చారు. 2000లో సాయం పద్ధతి మార్చి ఇంకా పెంచారు. అంటే తల్లిదండ్రుల చేతిలో సర్కారు డబ్బు పెట్టింది, ఆ డబ్బు నేరుగా సెంటరు గల్లాపెట్టెలోకి వచ్చింది. నెల నెలా తప్పకుండా వచ్చే డబ్బు అంటే షేరు మార్కెట్టుకు ఎంత ఇష్టమో మీకు తెలుసు. 2001లో ఏబీసీ కంపెనీ షేర్లు మార్కెట్టులోకి వచ్చాయి.

అక్కడి నుంచి చిన్న చిన్న సెంటర్లను కొనుక్కుంటూ పోయారు. ఆ చిన్నవి కూడా చాలావరకు ఆలుమగలు నడుపుకునేవే. ఏళ్ళ తరబడి ఒక ఇల్లు కష్టపడి నిలబెట్టినదాన్ని ఇంకో ఇల్లు కొంది. తర్వాత పోటీ కంపెనీలను కొన్నారు. ఆ తర్వాత అమెరికా, ఇంగ్లండు, న్యూజిలాండ్ దాకా పోయారు. 2006 నాటికి షేరు మార్కెట్టులో దాని విలువ 250 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. ఒక్క ఆస్ట్రేలియాలోనే వెయ్యికి పైగా సెంటర్లు, లక్షకు పైగా పిల్లలు. రోజంతా పిల్లల్ని చూసే సెంటర్లలో నాలుగైదింట ఒకటి వాళ్ళదే. పాలు వేసిన కుర్రవాడు దేశంలో పేరుమోసిన కోటీశ్వరుడు అయ్యాడు.

ఇప్పుడు లెక్క దగ్గరికి వద్దాం. బట్టల షాపులో కొత్త మెషిను పెట్టి మనుషుల్ని తగ్గించవచ్చు. పిల్లల సెంటరులో ఆ పని కుదరదు. చంటిబిడ్డకు ఒళ్ళు కావాలి. ఆస్ట్రేలియాలో 2012 నుంచి దేశమంతటికీ ఉన్న నియమం ప్రకారం రెండేళ్ళ లోపు నలుగురు పిల్లలకు ఒక మనిషి ఉండాలి. సెంటరు ఖర్చులో పెద్ద ముక్క జీతాలే. వాటిని తగ్గించకుండా లాభం ఏటేటా పెరగాలంటే ఎట్లా? ఇంకా కొనాలి, ఇంకా తెరవాలి, అప్పు తేవాలి. ఏబీసీ అదే చేసింది. దాని ఆస్తుల పట్టీలో ఎక్కువ భాగం గోడలో, నేలో కాదు, సెంటర్లు నడిపే లైసెన్సుల విలువ అని రాసుకున్న అంకెలు. కొత్త సెంటర్లు కట్టి ఇచ్చిన బిల్డర్ల నుంచి వచ్చిన పరిహారం డబ్బు కూడా ఆదాయంలో చేరింది. సెంటర్ల మరమ్మతుల పెద్ద కాంట్రాక్టు గ్రోవ్స్ ఒకప్పటి బావమరిది కంపెనీది. బావమరిది అనగానే మనవాళ్ళకు వేరే వివరణ అక్కర్లేదు.

2008 ఫిబ్రవరిలో షేరు ఒక్కసారిగా కూలింది. షేర్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పులకు బ్యాంకులు పిలుపు పంపడంతో గ్రోవ్స్ దంపతుల వాటా దాదాపు పోయింది. అదే ఏడాది నవంబరు 6న కంపెనీ చేతులెత్తేసింది. మర్నాడు పొద్దున లక్ష మంది పిల్లల తల్లిదండ్రులు ఉద్యోగాలకు పోవాలి. రైసు మిల్లు మూతపడితే ధాన్యం ఇంకో మిల్లుకు తోలుకుంటాం, రెండేళ్ళ పిల్లను ఎక్కడికి తోలుకుపోతాం? అందుకే ఆ దేశ ప్రభుత్వం 2.2 కోట్ల డాలర్లు పెట్టి డిసెంబరు చివరిదాకా తలుపులు మూతపడకుండా చూసింది, తర్వాత ఇంకా పెట్టింది. చివరకు నాలుగు సేవా సంస్థలు కలిసి గుడ్‌స్టార్ట్ అని ఏర్పడి, 2009 చివర్లో సుమారు 650 సెంటర్లను 9.5 కోట్ల డాలర్లకు కొన్నాయి. 250 కోట్లు పలికిన కంపెనీ నడిమి భాగం అన్నమాట. ఇప్పటికీ గుడ్‌స్టార్ట్ నడుస్తోంది, లాభం పంచుకునే వాటాదారులు లేరు.

ఈ కథ చెప్పి కుటుంబాలు నడపకూడదు అనడం లేదు. విజయవాడలో గోరా గారి కుటుంబం చూడండి. ఆయన కూతురు చెన్నుపాటి విద్య గారు రెండుసార్లు విజయవాడ ఎంపీగా చేసినావిడ. 1969లో పెట్టిన వాసవ్య మహిళా మండలి ఆ కుటుంబం చేతుల మీదుగా ఆడవాళ్ళ, పిల్లల పని ఇప్పటికీ చేస్తోంది. ఇల్లు మాత్రం దానికి యజమాని కాదు, అది రిజిస్టరైన సంస్థ. ఇంటివాళ్ళు అందులో పనిచేస్తారు. ఆ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, బావమరిది ప్రశ్న తేలేది అక్కడే.

అదే 1969లో ఢిల్లీలో మీరా మహదేవన్ గారు గాంధీ శతజయంతికి కడుతున్న పనిచోట, ఇటుకలూ సిమెంటూ మధ్య పడుకోబెట్టిన చంటిపిల్లల్ని చూసి ఒక గుడారం వేయించారు. అదే మొబైల్ క్రెచెస్ సంస్థ. పేరులోనే ఉంది, పని ఎక్కడికి పోతే పిల్లల గది అక్కడికి పోతుంది. పాలమూరు కూలీలు దేశంలో ఎన్ని డ్యాములు, ఎన్ని అపార్టుమెంట్లు కట్టారో తెలిసిన మనకు ఆ గుడారం విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు ఇందులో నచ్చింది ఏమిటంటే, వాళ్ళు బిల్డరును వదల్లేదు. పిల్లల గది కూడా కట్టుబడి ఖర్చులో భాగమేనని, ఎవరు పని చేయించుకుంటే వాళ్ళూ కొంత పెట్టాలని పట్టుబట్టారు. మనం నాటు వేయించుకునే రైతులం. ఆ వేలు మన వైపు కూడా తిరుగుతుంది.

సర్కారు క్రెచ్‌లు కూడా వచ్చాయి. 2006లో రాజీవ్ గాంధీ పేరు మీద జాతీయ క్రెచ్ పథకం పెట్టారు. 2015 ప్రాంతంలో 20 వేలకు పైగా ఉన్న ఆ క్రెచ్‌లు 2020 నాటికి 7 వేల లోపుకు పడిపోయాయి. మధ్యలో 2017లో జరిగింది ఏమిటంటే, మొత్తం కేంద్రం మీద ఉన్న భారంలో రాష్ట్రాలకు వాటా పెట్టారు. డబ్బు ఎవరిది అన్న ప్రశ్న రాగానే తలుపులు మూతపడ్డాయి. విచిత్రం చూడండి, అదే 2017లో ప్రసూతి సెలవుల చట్టం మార్చి, 50 మంది పనిచేసే ప్రతి సంస్థా క్రెచ్ పెట్టాలన్నారు, తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూసి రావచ్చన్నారు. ఆఫీసు తల్లికి తలుపు తెరిచిన ఏడే కూలి తల్లి తలుపు సగం మూసుకుంది.

వీటన్నిటిలో నాకు తెలివైనదిగా తోచింది ఒక చిన్న వాక్యం. 2005 ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూల్లో రాశారు. పనిచోటుకు ఆరేళ్ళ లోపు పిల్లలు అయిదుగురు లేక అంతకన్నా ఎక్కువ మంది వస్తే, పనికొచ్చిన ఆడవాళ్ళలో ఒకరిని పిల్లల్ని చూడడానికి పెట్టాలి, ఆమెకు కూడా కూలి ఇయ్యాలి. మన్ను తవ్విన ఆమెకు ఎంతో, బిడ్డను ఎత్తుకున్న ఆమెకు కూడా కూలే. చట్టం పుస్తకంలో బిడ్డను ఎత్తుకోవడం పని అని రాసిన చోటు అది. చాలా పనిచోట్ల అది అమలు కాలేదన్నది వేరే సంగతి.

ఆ వాక్యానికే ఇల్లు కట్టినట్టు కర్ణాటక ప్రభుత్వం 2023లో 'కూసిన మనె' మొదలుపెట్టింది. కూసు అంటే కన్నడంలో చంటిబిడ్డ, మన పసికూనకు దూరపు చుట్టం లాగా వినిపిస్తుంది. 4 వేల గ్రామ పంచాయితీల్లో, మూడేళ్ళ లోపు పిల్లలకు, పంచాయితీ ఇచ్చిన గదిలో. చూసే ఆడవాళ్ళు కూడా ఉపాధి హామీ జాబ్ కార్డు ఉన్న కుటుంబాల నుంచే, శిక్షణ ఇచ్చి, వంతుల వారీగా. కాగితం మీద ఇంతకంటే మన అవసరానికి దగ్గరగా వచ్చినది నేను చూడలేదు. కానీ నాటుకు పోయే గుంపు ఉపాధి పనికి పోయే గుంపు కాదు. నాట్ల నెల అంతా కూలి బయటి పొలాల్లోనే. ఆ నెలలో తల్లి పొద్దున 7కే బయలుదేరుతుంది. గది ఎన్నింటికి తెరుస్తారు? చూసే ఆమే నాటుకు పోతే గదిలో ఎవరు? పక్క ఊళ్ళలో నడుస్తున్న కూసిన మనెలు ఎవరైనా వెళ్ళి చూసి, ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెస్తే మనకు సగం పని అయినట్టే.

ఇంక మన హాలు. 2017 చట్టం తర్వాత కేంద్రం ఇచ్చిన క్రెచ్ మార్గదర్శకాల్లో మూడేళ్ళ లోపు 10 మంది పిల్లలకు ఒక మనిషి అని ఉంది. ఆస్ట్రేలియావాళ్ళ నాలుగు ఎక్కడ, మన పది ఎక్కడ. సరే, పదే అనుకుందాం. నాట్ల నెలలో 20 మంది చంటిపిల్లలు వస్తే ఇద్దరు చూసేవాళ్ళు, వంటకు, శుభ్రానికి ఇంకొకరు. అంటే ముగ్గురు ఆడవాళ్ళు, పొద్దున 7 నుంచి సాయంత్రం దాకా. ఆ రోజు నాటు కూలి ఎంత నడుస్తుంటే ముగ్గురికీ కనీసం అంత ఇయ్యాలి. లేకపోతే వాళ్ళూ నాటుకే పోతారు, పోవాలి కూడా. పాలు, గుడ్లు, బియ్యం ఖర్చు దాని పక్కన చాలా చిన్నది. ఒక కుటుంబానికి అప్పగిస్తే ఈ లెక్క తగ్గుతుంది అంటున్నారు కదా, ఏ అంకె తగ్గుతుందో చెప్పండి. బియ్యం తగ్గదు, పాలు తగ్గవు. తగ్గేది ఆ ఇంటి కోడలి కూలి, అత్తగారి కూలి. అది తగ్గడం కాదు, మన పుస్తకంలో రాయకపోవడం.

నా ప్రతిపాదన మూడు ముక్కల్లో చెబుతాను, ఒప్పుకోకపోతే మీటింగులో కొట్టిపారేయండి. హాలు సంఘం పేరు మీదే ఉండాలి, ఏ ఒక్క ఇంటి పేరు మీదా వద్దు. ఏ కుటుంబం ఆడవాళ్ళు పనిచేసినా సరే, సంఘం అధ్యక్షుడి ఇంటివాళ్ళయినా సరే, నాటు కూలికి సమానంగా వాళ్ళ చేతికే, వాళ్ళ ఖాతాకే డబ్బు. ఆ డబ్బులో ఒక వంతు, ఆ సీజనులో నాటు వేయించుకునే మన సభ్యులు ఎకరానికి ఇంత అని ఇయ్యాలి. ఎకరానికి ఎంత పడుతుందో తేలాలంటే మన సభ్యుల మాగాణి మొత్తం ఎన్ని ఎకరాలో ముందు తెలియాలి. ఆదివారం మీటింగుకు వచ్చేటప్పుడు మీ మాగాణి ఎకరాలు, పోయిన సీజనులో మీరు ఎకరం నాటుకు ఇచ్చిన గుత్త రేటు, మీ పొలానికి వచ్చిన గుంపులో చంటిబిడ్డలతో వచ్చిన తల్లులు ఎంతమందో రాసుకుని రండి. మూడోది తెలియకపోతే మీ ఇంట్లో ఆడవాళ్ళను అడగండి, వాళ్ళకు తెలిసే ఉంటుంది.